ప్రశ్న అడిగే హక్కు: ఆలిస్ డనిగన్ పాత్రికేయ జీవితం

లక్ష్యాలు

ఈ వ్యాసం చదివిన తరువాత మీరు:
• అమెరికాలో నల్లజాతి పత్రికలు ఎందుకు అవసరమయ్యాయో వివరించగలుగుతారు.
• జాతి పేరు ఎత్తకుండానే ఒక నిబంధన నల్లజాతి విలేకరులను ఎలా దూరం పెట్టిందో తెలుసుకుంటారు.
• ప్రవేశం దొరకడానికీ, మాట వినిపించడానికీ మధ్య ఉన్న తేడాను ఆలిస్ డనిగన్ జీవితం ఆధారంగా చర్చించగలుగుతారు.
• అధికారిక రికార్డునూ, ఆత్మకథనూ చారిత్రక ఆధారాలుగా పోల్చి చూడగలుగుతారు.

1. పరిచయం

1961 జనవరి 25న అమెరికా కొత్త అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీ తన మొదటి విలేకరుల సమావేశం నిర్వహించాడు. అధ్యక్షుడి విలేకరుల సమావేశం టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రసారం కావడం అదే మొదలు. ఆ సమావేశంలో ఒక నల్లజాతి మహిళ లేచి ఒక ప్రశ్న అడిగింది. టెన్నెసీ రాష్ట్రంలోని ఫేయెట్ కౌంటీలో, గత నవంబరు ఎన్నికల్లో ఓటు వేసినందుకు కౌలుదార్లను ఇళ్ల నుంచి వెళ్లగొట్టారని, వారు ఇప్పుడు గుడారాల్లో బతుకుతున్నారని, ఈ సమస్య పరిష్కారానికి ప్రభుత్వం ఏమైనా చేయదలచుకుందా అని ఆ ప్రశ్న సారాంశం. ప్రతి పౌరుడికీ ఓటు వేసే హక్కు దక్కేలా చూస్తామని, ఆ రక్షణ కల్పించే పనిని గట్టిగా కొనసాగిస్తామని కెన్నెడీ జవాబిచ్చాడు.

ప్రశ్న, జవాబు కలిపి ఒకటి రెండు నిమిషాలకు మించవు. అయినా 'జెట్' అనే నల్లజాతి వారపత్రిక దీన్ని ప్రత్యేకమైన వార్తగా ప్రచురించింది. ఆ విలేకరికి అధ్యక్షుడి నుంచి జవాబు దొరకడం రెండేళ్లలో అదే మొదటిసారి అన్నది ఆ వార్త. ఆమె పేరు ఆలిస్ ఆలిసన్ డనిగన్. అప్పటికి వైట్ హౌస్ ప్రవేశానుమతి ఆమె దగ్గర పదమూడేళ్లకు పైగా ఉంది. అనుమతి పత్రం చేతిలో ఉన్న విలేకరికి రెండేళ్లపాటు ఒక్క జవాబు కూడా ఎందుకు దొరకలేదు? ఈ వ్యాసమంతా ఈ ప్రశ్న చుట్టూనే సాగుతుంది. చదువుతున్నంతసేపూ దీన్ని గుర్తుంచుకోండి.

2. నేపథ్యం: నల్లజాతి పత్రికలు

అమెరికాలో నల్లజాతీయులు సొంతంగా నడిపిన మొదటి పత్రిక 'ఫ్రీడమ్స్ జర్నల్' 1827లో న్యూయార్క్‌లో వెలువడింది. అప్పటికి దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వం చట్టబద్ధంగా ఉంది. తమ గురించి ఇతరులు రాస్తున్నారు, తమ మాట మాత్రం అచ్చు కావడం లేదు అన్న బాధ నుంచి ఈ పత్రికలు పుట్టాయి. అంతర్యుద్ధం తరువాత బానిసత్వం రద్దయింది కాని, దక్షిణాది రాష్ట్రాలు బడులు, రైళ్లు, హోటళ్లు అన్నింటిలోనూ జాతి విభజనను చట్టంగా చేశాయి. మూకహత్యలు పెరిగాయి. మెంఫిస్‌లో ఈ హత్యల మీద పరిశోధన చేసి రాసిన ఐడా బి. వెల్స్ పత్రికా కార్యాలయాన్ని 1892లో మూక ధ్వంసం చేసింది. నల్లజాతి మహిళలకు రాజకీయ పాత్రికేయం ఎంత ప్రమాదకరమైన వృత్తో ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో 'షికాగో డిఫెండర్' వంటి పత్రికలు దేశమంతటా పాఠకులను సంపాదించాయి. అయితే చిన్న పత్రికలకు రాజధానిలో విలేకరిని నియమించుకునే స్తోమత ఉండేది కాదు. ఈ లోటు తీర్చడానికి క్లాడ్ బార్నెట్ 1919లో షికాగో కేంద్రంగా అసోసియేటెడ్ నీగ్రో ప్రెస్ అనే వార్తాసంస్థను ప్రారంభించాడు. 'నీగ్రో' అనే మాట ఆ కాలంలో వాడుకలో ఉండేది. నేడు దాన్ని వాడరు. సంస్థ పేరులో భాగం కాబట్టి ఇక్కడ అలాగే ఉంచాం. ఈ సంస్థ వందకు పైగా నల్లజాతి పత్రికలకు వార్తలు అందించేది. వాటిలో దాదాపు అన్నీ వారపత్రికలే. ఈ చివరి విషయాన్ని గమనించి ఉంచుకోండి. తరువాత ఇదే పెద్ద అడ్డంకి అవుతుంది.

3. కెంటకీ నుంచి వాషింగ్టన్‌కు

ఆలిస్ 1906 ఏప్రిల్ 27న కెంటకీ రాష్ట్రంలోని రస్సెల్‌విల్ సమీపంలో పుట్టింది. తండ్రి ఇతరుల భూమిని పాలుకు సాగుచేసే రైతు. తల్లి ఇళ్లకు బట్టలు ఉతికేది. నల్లజాతి, తెల్లజాతి విద్యార్థులు ఒకే బడిలో చదవడాన్ని కెంటకీ 1904లోనే చట్టం ద్వారా నిషేధించింది. ఆలిస్ నల్లజాతి పిల్లల బడిలోనే చదివింది. పదమూడేళ్ల వయసులోనే ఒక స్థానిక పత్రికకు ఒక్కో వాక్యం ఉండే చిన్న వార్తలు రాసి పంపేది. ఉపాధ్యాయ శిక్షణ పొంది, టాడ్ కౌంటీ బడుల్లో పాఠాలు చెప్పింది. మొత్తం మీద ఉపాధ్యాయినిగా ఆమె సుమారు 18 ఏళ్లు పనిచేసింది.

ఉపాధ్యాయ ఉద్యోగం అంటే నిలకడైన జీతం అని మీరు అనుకోవచ్చు. అక్కడి బడి ఏడాదిలో ఏడు నెలలే నడిచేది. మిగిలిన నెలల్లో ఆమె శ్వేతజాతీయుల శ్మశానంలో సమాధి రాళ్లు కడిగింది, పాల కేంద్రంలో పనిచేసింది, ఇళ్లు శుభ్రం చేసింది, రాత్రిళ్లు బట్టలు ఉతికింది. ఇన్ని పనులకూ కలిపి వారానికి వచ్చేది దాదాపు 7 డాలర్లు.

పాఠాలు చెబుతున్నప్పుడు ఆమె ఒక విషయం గమనించింది. కెంటకీ చరిత్ర పుస్తకాల్లో నల్లజాతీయుల ప్రస్తావన దాదాపు లేదు. అందుచేత ఆమె తానే సమాచారం సేకరించి, కెంటకీ అభివృద్ధిలో నల్లజాతీయుల పాత్ర గురించి చిన్న చిన్న పాఠ్యపత్రాలు తయారుచేసి పిల్లలకు ఇచ్చింది. ఆ సమాచారమంతా పుస్తకంగా రావడానికి 1982 దాకా పట్టింది. రికార్డులో లేనివారిని రికార్డులోకి తేవడం అనే పని ఆమె జీవితంలో ఇక్కడే మొదలైందని చెప్పవచ్చు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో వాషింగ్టన్‌లోని ప్రభుత్వ కార్యాలయాలకు పెద్దసంఖ్యలో టైపిస్టులు అవసరమయ్యారు. 1942లో ఆలిస్ ఆ ఉద్యోగంలో చేరింది. కొడుకును తన తల్లిదండ్రుల దగ్గర వదిలి వచ్చింది. పగలు ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు హోవర్డ్ విశ్వవిద్యాలయంలో తరగతులకు వెళ్లింది. యుద్ధం ముగిశాక ప్రభుత్వ ఉద్యోగాలు తగ్గిపోతున్న సమయంలో ఆమె అసోసియేటెడ్ నీగ్రో ప్రెస్‌కు రాయడం ప్రారంభించి, 1947 ప్రారంభంలో దాని వాషింగ్టన్ బ్యూరో చీఫ్ అయింది. హోదా పెద్దది, జీతం వారానికి సుమారు 25 డాలర్లు. శనివారం చేతి గడియారాన్ని తాకట్టు పెట్టి ఆదివారం తిండికి డబ్బు తెచ్చుకుని, సోమవారం జీతం రాగానే విడిపించుకునేదాన్నని ఆమె తరువాత చెప్పుకుంది.

4. మొదటి అడ్డంకి: ప్రవేశం

అమెరికా కాంగ్రెస్‌లో విలేకరులు కూర్చునే ప్రెస్ గ్యాలరీకి వెళ్లాలంటే అక్రెడిటేషన్ ఉండాలి. దాన్ని ఎవరికి ఇవ్వాలో మొదట నిర్ణయించేది ప్రభుత్వాధికారులు కాదు. గ్యాలరీ సభ్యులైన విలేకరులే తమలోంచి ఎన్నుకున్న ఒక స్థాయీ సంఘం నిర్ణయిస్తుంది. గ్యాలరీలో ప్రవేశం దినపత్రికల విలేకరులకు మాత్రమే అన్నది వారి నిబంధన.

ఈ నిబంధనలో నల్లజాతి అన్న మాట ఎక్కడా లేదు. కాని ఫలితం ఏమిటో చూడండి. నల్లజాతి పత్రికలకు పెట్టుబడి తక్కువ, ప్రకటనల ఆదాయం తక్కువ. అందువల్ల అవి దాదాపు అన్నీ వారపత్రికలుగానే నడిచేవి. మరోవైపు శ్వేతజాతీయుల దినపత్రికలు నల్లజాతి విలేకరులను రాజధానిలో నియమించేవి కావు. కాబట్టి దినపత్రికలకే ప్రవేశం అంటే, ఆచరణలో శ్వేతజాతీయులకే ప్రవేశం అని అర్థం. చట్టం ముందు అందరూ సమానమని చెబుతూనే అసమానత ఎలా కొనసాగుతుందో అర్థం చేసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

డనిగన్ దరఖాస్తు కూడా ఈ కారణంతోనే ఆగిపోయింది. ఆమెకు సొంత సంస్థ నుంచి కూడా ప్రోత్సాహం దొరకలేదు. కాపిటల్ గ్యాలరీలో ఒక పురుషుడికి ప్రవేశం సంపాదించాలని ఏళ్లుగా ప్రయత్నించి విఫలమయ్యామని, ఒక స్త్రీగా నువ్వు సాధించగలనని ఎలా అనుకుంటున్నావని బార్నెట్ ఆమెను అడిగాడు. ఇక్కడ జాతి వివక్ష ఒక వైపు నుంచి, లింగ వివక్ష మరో వైపు నుంచి ఆమె మీద పనిచేశాయని గమనించండి.

అదే సమయంలో లూయీ లాటియర్ అనే నల్లజాతి విలేకరి దరఖాస్తు కూడా తిరస్కరణకు గురైంది. ఆ వ్యవహారం సెనేట్ నియమాల కమిటీ ముందుకు వెళ్లింది. 1947 మార్చిలో ఆ కమిటీ స్థాయీ సంఘం నిర్ణయాన్ని తోసిపుచ్చి లాటియర్‌కు ప్రవేశం కల్పించింది. ఆ తరువాత కొద్ది నెలలకు డనిగన్‌కు కూడా అక్రెడిటేషన్ లభించింది. కాంగ్రెస్ ప్రెస్ గ్యాలరీలో ప్రవేశం పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. వైట్ హౌస్ విలేకరిగా గుర్తింపు పొందిన మొదటి నల్లజాతి మహిళ కూడా ఆమెయే.

5. రెండో అడ్డంకి: ఖర్చు

1948 జూన్‌లో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ పశ్చిమ రాష్ట్రాల పర్యటనకు రైలులో బయలుదేరాడు. అది ఎన్నికల సంవత్సరం. అదే ఫిబ్రవరిలో ట్రూమన్ పౌరహక్కుల గురించి కాంగ్రెస్‌కు సందేశం పంపి ఉన్నాడు. ఆ మాటలను ఆయన పర్యటనలో ఎలా నిలబెట్టుకుంటాడో నల్లజాతి పాఠకులు తెలుసుకోగోరడం సహజం. విలేకరులు తమ ప్రయాణ ఖర్చులు తామే భరించాలి. అందుకు దాదాపు 1,000 డాలర్లు కావాలి. అంటే డనిగన్‌కు తొమ్మిది నెలల జీతం. ఇటువంటి ప్రయాణాలు స్త్రీలకు తగవంటూ బార్నెట్ డబ్బు ఇవ్వలేదు. ఆమె అప్పు చేసి వెళ్లింది. అధ్యక్షుడి ప్రచార పర్యటనలో పాల్గొన్న మొదటి నల్లజాతి మహిళా విలేకరి అయింది.

వ్యోమింగ్ రాష్ట్రంలోని షయాన్‌లో విలేకరులు అధ్యక్షుడి ఊరేగింపు వెంట నడుస్తున్నారు. ఒక సైనికాధికారి ఆమెను మాత్రం పక్కకు నెట్టి జనంలోకి పంపబోయాడు. తోటి శ్వేతజాతి విలేకరి ఒకరు కల్పించుకుని, ఆమె అధ్యక్షుడి బృందంలోని విలేకరి అని చెప్పాల్సి వచ్చింది. తరువాత ట్రూమన్ రైలులో ఆమె ఉన్న చోటికి వచ్చి, ఇబ్బంది జరిగిందని విన్నానని, మళ్లీ ఏదైనా జరిగితే తనకు చెప్పమని అన్నాడు.

మోంటానాలోని మిజూలా స్టేషన్లో రైలు అర్ధరాత్రి వేళ ఆగింది. ప్లాట్‌ఫారం మీద విద్యార్థులు గుమిగూడారు. పైజమాలోనే బయటికి వచ్చిన ట్రూమన్, పౌరహక్కుల గురించి వారితో మాట్లాడాడు. అర్ధరాత్రి పైజమాతో అధ్యక్షుడు పౌరహక్కులను సమర్థించాడన్న శీర్షికతో డనిగన్ వార్త పంపింది. ఆ సమయంలో ఆమె రైలులో లేకపోతే నల్లజాతి పత్రికల పాఠకులకు ఆ వార్త ఆ రూపంలో అందేది కాదు. అప్పు చేసి కొన్న టికెట్టు విలువ అది. అదే ఏడాది జూలై 26న ట్రూమన్ సైన్యంలో జాతి విభజనను తొలగించే ఉత్తర్వు జారీచేశాడు.

6. మూడో అడ్డంకి: జవాబు

1953లో డ్వైట్ ఐసెన్‌హోవర్ అధ్యక్షుడయ్యాడు. డనిగన్ విలేకరుల సమావేశాల్లో పౌరహక్కుల ప్రశ్నలు అడుగుతూ వచ్చింది. సైనిక స్థావరాల్లోని బడుల్లో పిల్లలను జాతిని బట్టి వేరుచేయడం, ప్రభుత్వ ఉద్యోగాల్లో వివక్ష వంటివి ఆమె ప్రశ్నల్లోని విషయాలు. అధ్యక్షుడి వద్ద వీటికి ప్రతిసారీ సిద్ధంగా జవాబు ఉండేది కాదు. ప్రశ్నలను ముందుగా తమకు చూపించమని ఆయన సహాయకుల వైపు నుంచి సూచన వచ్చింది. మిగతా విలేకరులకు లేని ఈ షరతును ఆమె పాటిస్తూ పోలేదు. క్రమంగా అధ్యక్షుడు ఆమెను పిలవడం మానేశాడు. సమావేశం తరువాత సమావేశం ఆమె లేచి నిలబడేది, పిలుపు మరొకరికి వెళ్లేది.

సమావేశాల బయట అవమానాలు మరింత బాహాటంగా ఉండేవి. 1953లో శ్వేతజాతీయులకు మాత్రమే ప్రవేశమున్న ఒక థియేటర్లో అధ్యక్షుడి ప్రసంగం జరిగితే ఆమెను లోపలికి రానివ్వలేదు. అదే ఏడాది సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ అంత్యక్రియల వార్త రాయడానికి వెళితే సేవకులతో పాటు కూర్చోవలసి వచ్చింది.

ఇటువంటి అనుభవం ఆమె ఒక్కదానిదే కాదు. 'షికాగో డిఫెండర్' విలేకరి ఎథెల్ పేన్ 1954 జూలై 7న ఐసెన్‌హోవర్‌ను ఒక ప్రశ్న అడిగింది. రాష్ట్రాల మధ్య తిరిగే రైళ్లలో, బస్సుల్లో జాతి విభజనను నిషేధించడానికి ప్రభుత్వం మద్దతు ఇస్తుందా అన్నది దాని సారం. ఏ ప్రత్యేక వర్గాన్నీ తాను సమర్థించబోనని అధ్యక్షుడు కోపంగా జవాబిచ్చాడు. కోపం కూడా ఒక జవాబే. మరుసటి రోజుకల్లా అది వార్త అయింది. మరుసటి ఏడాది ఇండోనేషియాలోని బాండుంగ్‌లో నెహ్రూ పాల్గొన్న ఆసియా-ఆఫ్రికా సదస్సును కూడా పేన్ స్వయంగా వెళ్లి చూసి రాసింది.

అయితే ఐసెన్‌హోవర్ పౌరహక్కులకు కేవలం శత్రువు అని మీరు నిర్ణయానికి రాకూడదు. సైన్యంలో విభజన తొలగింపు ఆయన కాలంలోనే పూర్తయింది. 1957లో లిటిల్ రాక్ బడిలో నల్లజాతి విద్యార్థుల రక్షణకు సైన్యాన్ని పంపింది ఆయనే. ఆయనకు ఇబ్బందిగా ఉన్నది, ఈ విషయాల మీద తనను పదేపదే బహిరంగంగా ప్రశ్నించడం.

ఈ ఇద్దరూ ఎప్పుడూ జాతి సమస్యల గురించే అడుగుతారన్న విమర్శ ఆనాడు ఉండేది. విలేకరి తటస్థంగా ఉండాలి కదా అన్న సందేహం మీకూ రావచ్చు. విమర్శను పరిశీలించేటప్పుడు మరో ప్రశ్న కూడా వేసుకోండి: వాళ్లు అడగకపోతే ఎవరు అడిగేవారు? పెద్ద దినపత్రికల విలేకరులు ఈ విషయాలను అరుదుగానే ఎత్తేవారు. విలేకరుల సమావేశంలో అధ్యక్షుడి మాట రికార్డుకు ఎక్కుతుంది. ఆ మాట వారపత్రికల ద్వారా దేశం నలుమూలలకూ చేరుతుంది. ఏదో మారుమూల కౌంటీలో ఓటరు పేరు నమోదుకు వెళ్లిన మనిషి, అధ్యక్షుడే ఇలా అన్నాడు అని చెప్పగలుగుతాడు. ప్రశ్నకు ఉన్న బలం అది. ప్రశ్నను ఆపడానికి అంత ప్రయత్నం జరగడానికి కారణమూ అదే.

7. ఆధారాల గురించి ఒక మాట

చరిత్ర విద్యార్థులుగా మీరు ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటి ఉంది. ఫేయెట్ కౌంటీ గురించిన ప్రశ్న, దానికి కెన్నెడీ ఇచ్చిన జవాబు అధికారిక రికార్డులో ఉన్నాయి. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మరి అంతకు ముందు రెండేళ్లలో డనిగన్ అడగదలచి అడగలేకపోయిన ప్రశ్నల సంగతేమిటి? విలేకరుల సమావేశం రికార్డులో అడిగిన ప్రశ్నలే ఉంటాయి. పిలుపు దొరకని మనిషి అందులో కనిపించదు. ఆ రికార్డు ఒక్కటే చదివితే, ఆ కాలంలో నల్లజాతీయులకు అడగడానికి పెద్దగా ఏమీ లేదన్న తప్పు అభిప్రాయం కలిగే ప్రమాదం ఉంది.

ఆ ఖాళీని పూరించేవి రెండు రకాల ఆధారాలు. ఒకటి, 'జెట్' వంటి ఆనాటి నల్లజాతి పత్రికలు. రెండు, 1974లో వెలువడిన డనిగన్ ఆత్మకథ. ఆత్మకథకు పరిమితులున్నాయి. అది జ్ఞాపకం మీద ఆధారపడుతుంది, రచయిత దృష్టి నుంచి సాగుతుంది. గడియారం తాకట్టు వంటి విషయాలకు ఆమె మాటే ప్రధాన ఆధారం. అందువల్ల వీటిని ఒకదానితో మరొకటి సరిచూసుకుంటూ చదవాలి. అధికారిక రికార్డు ఏమి జరిగిందో చెబుతుంది. ఏమి జరగనివ్వలేదో తెలుసుకోవాలంటే మాత్రం ఇతర ఆధారాల దగ్గరకు వెళ్లాల్సిందే.

8. తరువాతి కాలం

1961లో డనిగన్ పాత్రికేయ వృత్తిని విడిచిపెట్టి, ఉద్యోగాల్లో సమానావకాశాల కోసం ఏర్పడిన అధ్యక్షుడి కమిటీలో విద్యా సలహాదారుగా చేరింది. 1965 వరకు అక్కడ పనిచేసింది. తరువాత యువజన అవకాశాల మండలిలోనూ పనిచేసింది. 1983 మే 6న వాషింగ్టన్‌లో మరణించింది. ఆమె కంచు విగ్రహాన్ని 2018లో వాషింగ్టన్‌లో ఆవిష్కరించి, తరువాత స్వస్థలమైన రస్సెల్‌విల్‌కు తరలించారు. 2022లో వైట్ హౌస్ విలేకరుల సంఘం ఒక జీవన సాఫల్య పురస్కారానికి డనిగన్, పేన్ ఇద్దరి పేర్లూ పెట్టింది.

సారాంశం

ఆలిస్ డనిగన్ తన వృత్తిలో మూడు అడ్డంకులను ఎదుర్కొంది. మొదటిది ప్రవేశం, రెండోది ఖర్చు, మూడోది జవాబు. మొదటిది 1947లో తొలగింది. రెండోదాన్ని ఆమె అప్పుతో, ఆకలితో దాటింది. మూడోది తొలగడానికి 1961 దాకా ఆగాల్సి వచ్చింది. అనుమతి పత్రం ఇవ్వడంతో సమానత్వం వచ్చేయదని, వచ్చిన మనిషిని మాట్లాడనిచ్చినప్పుడే దానికి అర్థం ఉంటుందని ఆమె అనుభవం చూపుతుంది. చివరికి అవకాశం దొరికినప్పుడు ఆమె అడిగిన ప్రశ్నను మరోసారి గుర్తుచేసుకోండి. ఆమె తండ్రి ఇతరుల భూమిని సాగుచేసిన రైతు. ఆమె అడిగింది, ఓటు వేసినందుకు ఇల్లు పోగొట్టుకున్న కౌలుదార్ల గురించి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. దినపత్రికల విలేకరులకే ప్రవేశం అన్న నిబంధన నల్లజాతి విలేకరులను ఎలా దూరం పెట్టింది?
2. 1948 రైలు పర్యటన డనిగన్ వృత్తి జీవితంలో ఎందుకు ముఖ్యమైనది?
3. 'విలేకరుల సమావేశం రికార్డులో పిలుపు దొరకని మనిషి కనిపించదు.' ఈ వాక్యాన్ని ఉదాహరణలతో చర్చించండి.
4. మీ ఊరి గ్రామసభలోగాని, మీకు తెలిసిన మరో సమావేశంలోగాని ఎవరు ప్రశ్నలు అడిగారో, ఎవరికి అవకాశం దొరకలేదో గమనించి ఒక పేజీ రాయండి. ఆ సమావేశం మినిట్స్ పుస్తకంలో వీటిలో ఏవి నమోదయ్యాయో పోల్చి చూడండి.